తోట అన్నాడు గానీ బడి అనలేదు

నల్లకుంట, హైదరాబాద్

అమ్మలూ,

నీ ప్లేస్కూలు సామాన్ల కోసం నువ్వు పంపిన కొటేషన్ చూశాను. జారుడుబండ, ఫోమ్ అక్షరాల మ్యాట్, స్మార్ట్ బోర్డు, వాటి కింద ‘మాంటిస్సోరీ కిట్’, ‘కిండర్‌గార్టెన్ కిట్’ అని రెండు లైన్లు. ఆ రెండు కిట్లలో ఏమేం ఉంటాయో షాపువాడు రాయలేదు, ధర మాత్రం రాశాడు. ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు, సగం నేను మర్చిపోతాను. అందుకని తీరిగ్గా రాస్తున్నా. డబ్బు కట్టేముందు ఇది చదువు.

పదిహేనుమంది పిల్లలకి నీ గదిలో కావలసినవి చాలా కొద్ది. కానీ ఒక్కోటీ ఎక్కణ్ణించి వచ్చిందో, దానితో పిల్లల చేతులు ఏం చెయ్యాలని పెట్టారో తెలియకపోతే ఎంత మంచి వస్తువైనా షెల్ఫులో అలంకారమే. రెండొందల ఏళ్లుగా ఈ రంగంలో వస్తువులు నిలబడ్డాయి, వాటి వాడకమే చెయ్యి మారినప్పుడల్లా జారిపోయింది.

మొదలు ఫ్రోబెల్, కిండర్‌గార్టెన్ మొదలుపెట్టినవాడు. 1782లో జర్మనీలోని థురింజియాలో పుట్టాడు. తొమ్మిది నెలల వాడప్పుడే తల్లి పోయింది. అడవి శాఖ పని నేర్చుకున్నాడు, స్విట్జర్లాండ్‌లో పెస్టలోజీ అనే విద్యావేత్త బడిలో 1808 నుంచి 1810 దాకా ఉన్నాడు, తర్వాత బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో స్ఫటికాలు వర్గీకరించే పని చేశాడు. ఈ చివరిది గుర్తుపెట్టుకో. ఆయన చెక్క దిమ్మెలు అలా ఎందుకున్నాయో స్ఫటికాలు చూస్తే తెలుస్తుంది. 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్లో చిన్నపిల్లల కోసం ఒక చోటు తెరిచాడు. మొదట దానికి ‘చిన్నపిల్లల వ్యాపక సంస్థ’ అనే అర్థం వచ్చే గజం పొడుగు జర్మన్ పేరు పెట్టాడు. నోరు తిరగని పేరుతో మూడేళ్లు నెట్టుకొచ్చాక 1840లో ‘కిండర్‌గార్టెన్’ అన్నాడు. పిల్లల తోట. బడి అనే మాట కావాలనే వాడలేదు. అది పోలిక కోసం పెట్టిన పేరు మాత్రమే అనుకోకు, నిజంగానే మళ్లు ఉండేవి. పిల్లలకి తలా ఒక చిన్న మడి, వాటి చుట్టూ అందరిదీ అయిన పెద్ద మడి. ‘నాది’ మధ్యలో, ‘మనది’ దాని చుట్టూ. మన ఊళ్లో ఎన్ని ప్లేస్కూళ్ల బోర్డు మీద ఆ పేరుందో, ఎన్నింటి లోపల పిడికెడు మట్టి ఉందో నువ్వే లెక్కేసుకో.

ఆయన ఇచ్చిన సామాన్లని ‘బహుమతులు’ అంటారు. మొదటిది ఆరు రంగుల ఉన్ని బంతులు, దారాలతో. రెండోది చెక్క బంతి, ఘనం (క్యూబ్), స్తూపం (సిలిండర్). ఈ రెండోది ఎలా వాడేవారో చూడు. ఘనానికి ఒక ముఖం నడిమధ్యన చిన్న కొక్కెం బిగించి, జంట దారంతో వేలాడదీసి, దారాన్ని బాగా మెలిపెట్టి వదలాలి. ఘనం గిర్రున తిరుగుతుంటే మూలలు మాయమై స్తూపం కనబడుతుంది. తిరగడం ఆగగానే మళ్లీ మూలలు వచ్చేస్తాయి. నాలుగేళ్ల పిల్లకి ‘ఇది క్యూబ్, దీనికి ఆరు ముఖాలు’ అని వల్లె వేయించడం ఒకటి, ఇది చూపించి నోరు మూసుకోవడం ఒకటి. కొక్కెం అర సెంటీమీటరు పక్కకి పోయినా ఘనం ఊగులాడుతుంది, స్తూపం కనబడదు. అందుకని రెండు మూలగీతలు గీసి అవి కలిసేచోటే రంధ్రం వెయ్యమను.

మూడోదే అసలు సరుకు. రెండంగుళాల ఘనం, లోపల ఎనిమిది అంగుళం ఘనాలు, జారుడు మూత ఉన్న పెట్టెలో. పెట్టెని బల్లమీద బోర్లించి, మూతని కిందనుంచి లాగేసి, పెట్టెని నిలువుగా పైకెత్తాలి. ఎనిమిది ముక్కలూ ఒక్క ఘనంగా నిలబడి ఉంటాయి. పిల్లలు ముందు మొత్తాన్ని చూడాలి, తర్వాతే విడదియ్యాలి. ఆట అయ్యాక మళ్లీ ఘనం పేర్చి, పెట్టె బోర్లించి, మూత కిందనుంచి తోసి, తిప్పి పెట్టాలి. సర్దుకోవడం ఆటలోనే చేరిపోయింది, ‘టాయ్స్ సర్దండి’ అని నువ్వు అరవక్కర్లేదు. ఇంకో రెండు నియమాలు: కట్టేదానిలో ఎనిమిదీ వాడాలి, ఒకటి కూడా పక్కన మిగలకూడదు. కుర్చీ కట్టాక మంచం కావాలంటే కూలగొట్టకుండా, ముక్కలు ఒక్కొక్కటే జరిపి కుర్చీనే మంచం చెయ్యాలి. ఆ ఎనిమిదితోనే ఒకరోజు ఇంట్లో వస్తువులు, ఒకరోజు ముగ్గులాంటి నమూనాలు, ఒకరోజు సగాలు, పావులు. బల్లమీద అంగుళం గళ్లు గీసి ఉండేవి. నువ్వూ గియ్యి, పెన్సిల్‌తో పల్చగా చాలు.

నాలుగోది కూడా రెండంగుళాల ఘనమే, కానీ ఎనిమిది ఇటుకలు: 2 అంగుళాల పొడుగు, 1 వెడల్పు, అర అంగుళం మందం. అయిదు, ఆరు మూడంగుళాల ఘనాలు. అయిదోదాన్లో 39 ముక్కలుంటాయి: 21 ఘనాలు, ఏటవాలుగా కోసిన 6 సగాలు, 12 పావులు. ఆ రెండూ ఇప్పుడే వద్దు.

ఫ్రోబెల్ 1844లో తల్లులకోసం వేళ్ల ఆటల పాటల పుస్తకం వేశాడు. బొమ్మలు, పాట, వేళ్లు ఎలా కదపాలో అన్నీ ఉంటాయి. మన ‘కాళ్లాగజ్జా కంకాళమ్మా’, ‘తారంగం తారంగం’, ‘చందమామ రావే’ చేసే పనే అది. కాబట్టి ఆ వంతుకి పైసా ఖర్చు లేదు. ‘జానీ జానీ’ సీడీలు మాత్రం కొనకు. వేళ్లు కదలని పాటని టీవీ కూడా పాడుతుంది.

1851 ఆగస్టులో అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లని నిషేధించింది. నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నారని అభియోగం. అసలు సంగతేమిటంటే ఆయన అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ రాసిన కరపత్రాన్ని ఈయనకి అంటగట్టారు. మరుసటి ఏడాది ఆయన పోయాడు, నిషేధం 1860లో గానీ ఎత్తెయ్యలేదు. ష్వైనా అనే ఊళ్లో ఆయన సమాధి మీద శిలువ బదులు ఘనం, దానిపైన స్తూపం, ఆపైన గోళం ఉంటాయి. నిషేధం చేసిన మేలు కూడా ఉంది: దేశం విడిచిన జర్మన్లతో ఈ పద్ధతి బయటికి పోయింది. అమెరికాలో మొదటిది 1856లో విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో మార్గరెట్ షుర్జ్ జర్మన్ భాషలో నడిపింది. బోస్టన్‌లో ఎలిజబెత్ పీబడీ 1860లో ఇంగ్లీషులో మొదలుపెట్టింది. 1873లో సూసన్ బ్లో సెయింట్ లూయిస్‌లో ప్రభుత్వ బడిలోకే తెచ్చింది.

వాడకం జారిపోయిందన్నానే, అది ఇక్కడే. గదినిండా పిల్లలు, ఒకరో ఇద్దరో టీచర్లు. మూత లాగండి, పెట్టె ఎత్తండి, కుడివైపు పైముక్క తీసి ముందు పెట్టండి అంటూ డ్రిల్లు. స్ఫటికాల మనిషి పెట్టిన క్రమం కవాతుగా మారింది. దాంతోపాటు సన్న సూదితో కాగితం పొడవడం, చుక్కల మీద కుట్టడం లాంటి కళ్లు లాగేసే పనులు. స్టాన్లీ హాల్ లాంటి మనస్తత్వవేత్తలు పట్టుకున్నది దీన్నే: ఈ వయసులో ముందు భుజం, మోచెయ్యి పెద్ద కదలికలతో గట్టిపడాలి, మీరు వేళ్ల చివర్ల నుంచి మొదలెట్టారని. తర్వాత పాటీ స్మిత్ హిల్ అనే అమెరికన్ టీచర్ నేలమీద పేర్చుకునే పెద్ద దిమ్మెలు పెట్టింది, పిల్లలు కట్టిన ఇంట్లో పిల్లలే దూరేటంత పెద్దవి. నా ఓటు ఫ్రోబెల్‌కీ, హిల్‌కీ ఇద్దరికీ. పొద్దున నేలమీద పెద్ద దిమ్మెలు, తర్వాత బల్లమీద చిన్నవి.

మాంటిస్సోరీ సంగతి వేరు. ఇటలీ వైద్యురాలు. 1907 జనవరి 6న రోములో శాన్ లొరెంజో అనే పేదల వాడలో మొదటి పిల్లల ఇల్లు తెరిచింది. ఫ్రోబెల్ దిమ్మె కుర్చీ అవుతుంది, రైలవుతుంది. మాంటిస్సోరీ సామాను దేనికి పెట్టిందో దానికే. తప్పు చేస్తే టీచర్ కాదు, వస్తువే చెబుతుంది. పిడి ఉన్న స్తూపాల దిమ్మె చూశావుగా, పది గుంటలు, పది స్తూపాలు. ఒకటి తప్పు గుంటలో పడితే చివర్లో ఒకటి పట్టదు, పిల్లలే వెనక్కి వెళ్లి వెతుక్కుంటారు. ఆ పిడిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితోనే పట్టుకోగలరు. పెన్సిల్ పట్టు అక్కడ తయారవుతుంది, పెన్సిల్ లేకుండా. అందుకే పిడి పెద్దదిగా చేసిన చవకరకం కొనకు. పిల్లలు దాన్ని గుప్పిట్లో పట్టేస్తారు, ఇంక ఆ వస్తువుకి అర్థం లేదు.

ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి దాదాపు 300 మంది టీచర్లకి శిక్షణ ఇచ్చింది. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో శత్రుదేశస్థురాలై ఆంక్షల మధ్య ఇక్కడే ఉండిపోయింది, 1946 దాకా. అంతకుముందే గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి వకాలతు మానేసి 1920లో బాలమందిర్ అనే చిన్నపిల్లల బడి తెరిచాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో బోర్డీ అనే పల్లెకి వెళ్లి ఖరీదైన సామాను బదులు గింజలు, గవ్వలు, ఆకులు, గులకరాళ్లతో అదే పని చేసి చూపించింది. అంగణం, వాడి కలిపిన ‘అంగన్‌వాడీ’ ఆవిడ ఆలోచనే. 1975 అక్టోబరు 2న 33 చోట్ల ఐసీడీఎస్ అనే ప్రభుత్వ శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు దేశమంతా ఆ మాట వచ్చింది. మాట వచ్చింది గానీ, బరువు తూచే కాటా, గుడ్ల ట్రే, రిజిస్టర్ల మధ్య ఆట వెనక్కిపోయింది. ఆ టీచర్లని నేనేమీ అనను, ఒక్క మనిషి ఎన్ని చేస్తుంది!

ఇక పనిలోకి.

దిమ్మెలు వడ్రంగితో చేయించు. రబ్బర్‌వుడ్ అడుగు, టింబర్ డిపోల్లో దొరుకుతుంది. నిర్మల్ బొమ్మల పొణికి చెక్క తేలిక, రెండుసార్లు కిందపడితే అంచులు నొక్కుకుపోతాయి. బొమ్మకి బావుంటుంది, దిమ్మెకి కాదు. మూడో బహుమతి ఆరు పెట్టెలు చాలు, అంటే 48 ఘనాలు. రంపం ఒక్కో కోతకి సుమారు 3 మిల్లీమీటర్లు తినేస్తుంది, కాబట్టి అంగుళం చదరం పట్టీ నాలుగున్నర అడుగులు పడుతుంది. చెడిపోయేవి కలిపి ఆరడుగులు తీసుకో. మామూలుగా జరిగే తప్పు: పట్టీ మీద అంగుళానికొక గీత వరసగా గీసేసి గీతల మీద కోసేస్తారు. ప్రతి ముక్కా రంపం తిన్నంత పొట్టిదవుతుంది. రంపం పళ్లకి అంగుళం దూరంలో ఒక అడ్డుచెక్క బిగించి, పట్టీని ప్రతిసారీ దానికి ఆనించి కొయ్యమను. నాలుగో బహుమతి ఇటుకలు రెండు కలిపి పేర్చితే ఒక ఘనం ఎత్తు రావాలి. రాకపోతే రెండు పెట్టెలూ కలిపి వంతెన కట్టిన పిల్ల తన చెయ్యి మంచిది కాదనుకుంటుంది.

వర్షాకాలంలో కోయించకు. చెక్క తేమకి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. జూలైలో కోసిన ఘనం ఏప్రిల్‌కి రెండు వైపులా తగ్గి ఒకవైపు అలాగే ఉంటుంది, ఘనం ఘనంగా ఉండదు. ఫిబ్రవరి, మార్చి మంచిది. గరుకు కాగితం 120 నంబరుది, ఆ తర్వాత 220. అంచులు చేతికి గుచ్చుకోకుండా ఒక్క రుద్దు రుద్దాలి, అంతే. గుండ్రంగా చేస్తే పైది కిందిదాని మీద నిలవదు. వార్నిష్ వద్దు, జారుతుంది. రంగూ వద్దు. రంగు వేస్తే పిల్లలు రంగుల్ని బట్టి పేరుస్తారు, ఆకారం చూడరు. ఉత్త చెక్కే ఉంచు. జారుడు మూతకి గాడిలో 2 మిల్లీమీటర్ల వదులు ఉండాలి, లేదంటే వానల్లో బిగుసుకుపోతుంది. మూడేళ్ల లోపు పిల్లలుంటే అంగుళం ముక్కలు ఆ గదిలోకే రాకూడదు, వాళ్లకి రెండంగుళాలవి విడిగా చేయించు.

శనగలకి పుల్లలు గుచ్చి ఆకారాలు కట్టే పని అయిదేళ్ల వాళ్లకి. ఫ్రోబెల్ బఠానీలు వాడాడు, మనకి కాబూలీ శనగలు నయం. రాత్రి పది గంటలు నానబెట్టు, వేసవిలో ఆరు చాలు, ఎక్కువైతే పులిసిపోతాయి. నీళ్లు వంపి గుడ్డమీద అరగంట ఆరనివ్వాలి. తడిగా ఉంటే పుల్ల జారుతుంది, మరీ నానితే గింజ రెండు బద్దలవుతుంది. టూత్‌పిక్‌ల కొనలు కొంచెం తుంచి ఇవ్వు. నాలుగు గింజలు, ఆరు పుల్లలతో త్రిభుజాల గోపురం నిలబడుతుంది. ఎనిమిది గింజలు, పన్నెండు పుల్లలతో చేసిన పెట్టె పక్కకి ఒరిగిపోతుంది. ఎందుకో చెప్పకు. ఎవరో ఒకరు ఏటవాలుగా ఇంకో పుల్ల గుచ్చుతారు, అప్పటిదాకా ఆగు. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే అమెరికన్ డిజైనర్ చూపు సరిగ్గా లేని పిల్లాడిగా ఈ పనిలోనే త్రిభుజం బలం కనిపెట్టానని తర్వాత చెప్పుకున్నాడు. మర్నాటికి గింజ ఎండి పుల్లని గట్టిగా పట్టేస్తుంది. వానాకాలంలో మాత్రం ఎండేలోపు బూజు పడుతుంది, ఫ్యాను కింద పెట్టు. ఒక్క జాగ్రత్త: శనగ ముక్కులో దూరిందంటే లోపల ఇంకా ఉబ్బుతుంది. లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకో.

కాగితం నేతకి పాత పెళ్లికార్డులు దాచు. ఈ ఊళ్లో వాటికి కరువేముంది! ఆరంగుళాల చదరాన్ని సగానికి మడిచి, మడత వైపు నుంచి అర అంగుళం అంచు మిగిలేలా కోతలు వెయ్యాలి. నాలుగేళ్ల వాళ్లకి అంగుళం పట్టీలు, తర్వాత అర అంగుళం. వార్తాపత్రిక వాడకు, రెండో వరసకే చిరుగుతుంది. మొదటి వరస పైనుంచి మొదలైతే రెండోది కిందనుంచి. ఇది అందరూ తప్పుతారు. తప్పితే పట్టీ జారి ఊడొస్తుంది, అదే చెబుతుంది. నువ్వు సరిచెయ్యకు.

మడికి నీ వెనక వరండా చాలు. అడుగు చదరం గ్రోబ్యాగు తలా ఒకటి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు. మొదటి విత్తనం మెంతులు, మూడు నాలుగు రోజుల్లో తల ఎత్తుతాయి. ధనియాలతో మొదలెడితే పది రోజులు పడుతుంది, అయిదోరోజుకే పిల్లలు మట్టి తవ్వి చూసేస్తారు. మగ్గుతో నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. సీసా మూతకి వేడి సూదితో ఆరు చిల్లులు పెట్టివ్వు. పేర్లు రాసిన చీటీలు వద్దు, చదవలేరు. ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ గీసిన పుల్ల గుచ్చు. అందరిదీ అయిన పెద్ద తొట్టిలో తోటకూర చల్లించు, కోసింది అందరికీ పంచాలి. ఇసుక పెట్టేట్టయితే రోబో శాండ్ తేకు, అది కొట్టిన రాయి, గరుకు, దుమ్ము. కడిగిన వాగు ఇసుక తెప్పించి, పిల్లులు రాకుండా రాత్రి మూత వెయ్యి.

రెండో నెలకల్లా తల్లిదండ్రులు నోట్‌బుక్ ఏదని అడుగుతారు. వాళ్లతో వాదించకు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయని, పుట్టినప్పుడు అన్నీ మెత్తటి మృదులాస్థేనని, ఒక్కొక్కటి గట్టిపడటానికి ఏళ్లు పడుతుందని ఎక్స్‌రే బొమ్మలు గోడకి పెట్టు. మూడేళ్ల చెయ్యిది, ఏడేళ్ల చెయ్యిది పక్కపక్కన పెడితే చాలు, చూసినవాళ్లే మెత్తబడతారు. అక్షరాభ్యాసంలో పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయిస్తాం కదా, ఆ పళ్లేన్నే రోజూ పెట్టు. దాంతోపాటు గరుకు అక్షరాలు: నాలుగంగుళాల ఎత్తు, 150 నంబరు గరుకు కాగితం కత్తిరించి అట్టమీద అంటించి, రెండు వేళ్లతో రాసే దిశలోనే తడిమించాలి. వర్ణమాల వరసలో పోవద్దు, ‘అ’ చెయ్యి తిరగని అక్షరం. ర, గ, ద, ట లాంటి తేలికైనవి ముందు. ప, వ ఒకే వారంలో ఇవ్వకు, కలగలిపేస్తారు. తలకట్టు వేరే కాగితం ముక్కగా అంటించు, అది చివర్లో పెట్టేదని వేలికే తెలుస్తుంది.

కొటేషన్‌లోవన్నీ కొట్టేసి, మాంటిస్సోరీ స్తూపాల దిమ్మెలు ఒక్కటే అడిగి తీసుకో. అవి మాత్రం వడ్రంగి చెయ్యలేడు, అర మిల్లీమీటరు తేడా వచ్చినా తప్పు గుంటలో కూడా పట్టేస్తాయి. కొనేముందు షాపులోనే పదీ తీసి, పక్క గుంటలో పెట్టి చూడు. వడ్రంగి దగ్గరికి వెళ్లేటప్పుడు గుడ్డ టేపు కాదు, స్టీలు స్కేలు పట్టుకెళ్లు. మొదటి ఎనిమిది ముక్కలు నీ ముందే పేర్పించి చూశాక మిగతావి కొయ్యమను.

అమ్మ